సముద్రం వెనక్కి పోయిన వేసవి

హర్షిణి సముద్రం మీద పీహెచ్‌డీ చేస్తోందని బొగ్గుగని కార్మికులుండే సెంటినరీ కాలనీకి తెలుసు. సముద్రం చూడాలంటే ఒక రాత్రంతా రైల్లో కూర్చోవాలని కూడా కాలనీకి తెలుసు. ఈ రెండు సంగతులూ ఒకేసారి గుర్తొచ్చినప్పుడు కాలనీవాళ్లు ఆమె తండ్రి నర్సింగం వైపు జాలిగా చూసేవాళ్లు.

నర్సింగానికి గనిలో పంపుల డ్యూటీ. బొగ్గు తవ్విన చోటల్లా నీళ్లు ఊరతాయి. వాటిని ఎప్పటికప్పుడు తోడి పైకి పంపకపోతే గని మునిగిపోతుంది. పెళ్లికి ముందు నుంచీ ఆయన ఆ పనే చేస్తున్నాడు. పైకి పంపిన నీళ్లు వాగులో కలిసి, వాగులోంచి భూమిలోకి ఇంకి, మళ్లీ గనిలోకే వస్తున్నాయేమోనని, అంటే ఇన్నేళ్లుగా తను తోడుతున్నవి అవే నీళ్లేమోనని ఆయనకు ఒక అనుమానం ఉంది. కానీ జీతం మాత్రం ప్రతి నెలా కొత్తదే వస్తోంది కాబట్టి దాన్ని ఎవరి దగ్గరా బయటపెట్టలేదు.

కూతురు వరంగల్లో పెద్ద చదువు చదువుతూ, అదీ నీళ్ల గురించే చదువుతూ ఉండటం ఆయనకు గర్వంగా ఉండేది. తన డ్యూటీ ఇంకో తరానికి పోయిందని, కాకపోతే షిఫ్టులు లేకుండా పోయిందని చెప్పుకునేవాడు.

కాలనీకి మాత్రం హర్షిణి వల్ల కలిగిన ఉపయోగం తక్కువ. మంచిర్యాలలో ప్లాటు కొన్నవాళ్లు బోరు ఎక్కడ వేయించాలో చెప్పమని అడిగితే తనకు తెలియదనేది. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకొని నడిచే మనిషి ఐదు నిమిషాల్లో చెప్పేది ఈ పిల్ల ఆరేళ్లు చదివీ చెప్పలేకపోతోందని అందరూ బాధపడ్డారు.

పక్క క్వార్టరు ఎల్లేశం ఒక్కడే అసలు ఆమె చేస్తున్నదేమిటో కనుక్కోవాలని ప్రయత్నించాడు. ఆయన రోజూ పేపర్ చదవడానికి నర్సింగం ఇంటికి వస్తాడు. పక్కింట్లో పేపర్ ఉండగా తనూ ఒకటి కొనడం దండగ అని ఆయన అభిప్రాయం. 2013 వానాకాలంలో ఒక పొద్దున పేపర్ మడిచి పక్కన పెట్టి అడిగాడు.

"సముద్రం సముద్రంల ఉండక బావిలకెందుకు వస్తది బిడ్డా?"

"పైనుంచి రాదు కాకా. భూమి లోపలికెల్లి వస్తది. ఒడ్డు పొంటి భూమిల ఒక దిక్కు మంచినీళ్లు, ఒక దిక్కు ఉప్పునీళ్లు ఒకదాన్నొకటి నెట్టుకుంట ఉంటయి. మోటార్లు పెట్టి మంచినీళ్లు తోడితే ఇటు దిక్కు జోరు తగ్గుతది. ఉప్పునీళ్లు లోపలికి జొర్రుతయి."

"బస్సుల మనం జర జరిగితే పక్కోడు ఒత్తుకొని కూసున్నట్టు."

"గంతే."

"మరి అండ్ల నువ్వు చేసేదేంది?"

"ఎంత తోడితే ఎంత దూరం వస్తదో కంప్యూటర్ల లెక్క కడుత."

ఎల్లేశం కాసేపు ఆలోచించాడు. ఆయన ఆలోచిస్తే ప్రమాదం.

"ఆ ఊళ్లన్నీ ఆంధ్రల గదా ఉన్నయి?"

"అవు కాకా."

"రేపు మన రాష్ట్రం మనకొస్తే సముద్రం ఆళ్లకు పోతది. మరి నీ డాక్టరేట్ ఏ రాష్ట్రంల పడుతది?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. హర్షిణి తల్లి పూలమ్మ పొయ్యి తగ్గించి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆ రోజుల్లో రాష్ట్రం రాబోతున్నందుకు కాలనీ అంతా సంబరంగా ఉంది. ఆ సంబరం మధ్యలోనే గ్యాస్ కనెక్షన్ ఏ రాష్ట్రానికి వస్తుంది, చిట్టీ కట్టిన కంపెనీ ఏ రాష్ట్రానికి పోతుంది అని ఎవరి లెక్క వాళ్లు వేసుకుంటున్నారు. పూలమ్మకు ఈ కొత్త లెక్క తోచనందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

"ఏ దిక్కైనా పడనీ కాకా. ముందు రావాలె గదా," అంది హర్షిణి.

ఆమె గొంతులో తేడా ఎల్లేశం కూడా గమనించాడు. పేపర్ ఇంకా మిగిలి ఉన్నా లేచి వెళ్లిపోయాడు.

సంగతేమిటంటే, హర్షిణి లెక్కలో సముద్రం వెనక్కి పోతోంది.

తీరం వెంబడి ఉన్న ఊళ్ల భూమిని ఆమె కంప్యూటర్‌లో చిన్న చిన్న గడులుగా కోసింది. ఒక్కో గడికి పక్క గడిలో నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో తెలిస్తే చాలు. ఎక్కువ ఎత్తున్న గడి నుంచి తక్కువ ఎత్తున్న గడికి నీళ్లు పోతాయి. కాలనీలో ఒక క్వార్టరు నుంచి ఇంకో క్వార్టరుకు మాటలు పోయేది కూడా ఇలాగే కాబట్టి, ఇందులో అర్థం కానిదేమీ లేదు. గడుల పని గడులు చేసుకుపోతే చివరికి ఏ ఊరి దాకా ఉప్పునీళ్లు వచ్చాయో తెరమీద ఎర్రగా కనబడాలి. మంచినీళ్లు నీలంగా కనబడాలి. అలా వచ్చిన ఎరుపు, ఆ ఊళ్ల బావుల్లోంచి సీసాల్లో పట్టి తెచ్చిన నీళ్లలో దొరికిన ఉప్పుతో సరిపోవాలి.

సీసాలేమో ఒడ్డు నుంచి మూడో ఊరి దాకా బావులు ఉప్పగా మారాయని చెబుతున్నాయి. కంప్యూటరేమో ఎండాకాలంలో మోటార్లు ఎంత తోడితే సముద్రం అంత వెనక్కి పోతుందని చెబుతోంది. దాని ప్రకారం ఆ రైతులు ఇంకో రెండు వేసవులు రాత్రింబవళ్లు మోటార్లు నడిపితే బంగాళాఖాతం మొత్తం మంచినీళ్లయ్యేట్టుంది.

ఆమె గైడ్ వేదవ్యాస్ సార్ది మంథని. ఎవరినీ నొప్పించే మనిషి కాదు. విద్యార్థి పని బాగుంటే "చూద్దాం" అంటారు, బాగాలేకపోతే "చూద్దామమ్మా" అంటారు. ఏడాదిగా ఆయన "చూద్దామమ్మా" అంటూ వచ్చారు. పోయిన వారం మాత్రం ఆమెను కూర్చోబెట్టి, గడువు రెండుసార్లు పొడిగించారనీ ఇక మూడోసారి లేదనీ చెప్పారు. ఈ నెలాఖరులోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ పోతుంది. సముద్రం వెనక్కి పోతోందని రాసిన థీసిస్ మీద మాత్రం తను సంతకం పెట్టలేనన్నారు. అప్పటికే ఆమె ప్రోగ్రామ్ మొత్తం చెరిపేసి మొదటి నుంచి మూడుసార్లు రాసింది. మూడుసార్లూ సముద్రం వెనక్కే పోయింది. మూడోసారి ఇంకొంచెం తొందరగా పోయింది.

అందుకే ఆమె కంప్యూటర్ సర్దుకొని ఇంటికి వచ్చేసింది. పగలంతా తెర ముందు కూర్చుంటోంది, పళ్లెంలో అన్నం కెలికి వదిలేస్తోంది. పూలమ్మ తట్టుకోలేక మేడారం సమ్మక్కకు మొక్కింది. సముద్రం లోపలికి వస్తే బిడ్డ ఎత్తు బంగారం ఇస్తానంది. బంగారమంటే అక్కడ బెల్లం, మనిషి బరువుకు సరితూగేంత. పిల్ల తిండి మానేసి తగ్గిపోతూ ఉండటంతో మొక్కు కూడా రోజు రోజుకూ చవకవుతోందని ఎల్లేశం ఓదార్చాడు.

ఈ కష్టమంతటికీ మూలం అంతకుముందు ఏడాది వేసవిలో ఉంది. అది అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆ లెక్కకు రెండు కాలాల కొలతలు కావాలి. వానాకాలంవి హర్షిణి స్వయంగా కొలుచుకొచ్చింది. వేసవివి కొలవాల్సిన సమయానికి ఆమెకు కామెర్లు వచ్చాయి. మంచం మీద పడుకొని ఏడుస్తుంటే నర్సింగం, "గిండ్ల ఏడ్చుడేంది బిడ్డా? నీళ్లు కొలుసుడు నాకు రాదా? నేను పోతా," అన్నాడు. కంపెనీ ఇచ్చే ఎల్టీసీ మీద కాలనీ మొత్తం తిరుపతి పోతుంది. నర్సింగం, పూలమ్మ మాత్రం టేపు పట్టుకొని ఆంధ్రా తీరానికి బావులు కొలవడానికి పోయారు. తిరిగొచ్చినప్పుడు లడ్డూ లేకపోయేసరికి ఇరుగుపొరుగు రెండు నెలలు ముభావంగా ఉన్నారు.

కూతురు చెప్పిన పని సులువే. ప్రతి బావి దగ్గరి నేల సముద్రం కంటే ఎంత ఎత్తులో ఉందో ఆమె ముందే రాసిచ్చింది. నర్సింగం టేపు వదిలి నీళ్లు ఎంత లోతున ఉన్నాయో చూడాలి. ఎత్తులోంచి లోతు తీసేయాలి. వచ్చింది రాయాలి. ఆయన ఒక్క బావి కూడా వదల్లేదు. ఆయన్ని సర్కారు మనిషనుకొని మొదటి రెండు ఊళ్లలో పింఛను దరఖాస్తులు ఇచ్చారు. మూడో ఊళ్లో ఆయన మాట తీరు విని ఏ ఊరని అడిగారు. తర్వాత మజ్జిగ ఇచ్చారు కానీ దరఖాస్తులు ఇవ్వలేదు.

ఇంటికొచ్చాక నర్సింగం అంకెలన్నీ తెల్ల కాగితాల మీద, పైన శ్రీకారం చుట్టి, ముత్యాల్లాంటి దస్తూరితో ఎక్కించాడు. చిత్తు కాగితాలు పారేశాడు. శుభ్రంగా రాసినది ఉండగా చిత్తుది ఉంచుకోవడం తన మీద తనకు నమ్మకం లేనివాళ్లు చేసే పని అని ఆయన ఉద్దేశం. హర్షిణి వాటిని చూసి, ఇంత అందంగా ఉన్న అంకెల్లో తప్పుండదని, వరసగా కంప్యూటర్‌లో కొట్టుకుంది. ఆమె ప్రపంచంలో అన్నిటినీ అనుమానించింది. ప్రోగ్రామ్‌ను, కంప్యూటర్‌ను, సీసాలను, ఒక దశలో సముద్రాన్ని కూడా. తండ్రి దస్తూరిని మాత్రం అనుమానించలేదు.

గడువు ఇంకో వారం ఉందనగా ఒక ఆదివారం, మధ్యాహ్నం భోజనాల వేళ, నర్సింగానికి గని నుంచి ఫోన్ వచ్చింది. ఎల్లేశం పేపర్ చదువుతున్నాడు. హర్షిణి చాప మీద గోడకేసి తిరిగి పడుకొని ఉంది.

"ఎంతున్నది?" అన్నాడు నర్సింగం ఫోన్లో. "నలభై రెండా? పొద్దుగాల ముప్పై ఎనిమిదే ఉండె గదా. శభాష్ రా. గట్లనే నడిపియ్యి, బంద్ చెయ్యకు."

ఫోన్ పెట్టేసి, కూతురికి కాస్త ఉత్సాహం తెప్పిద్దామని, "మా సంపుల నీళ్లు మంచిగున్నయి బిడ్డా," అన్నాడు.

హర్షిణి గోడవైపే చూస్తూ, "నీళ్లు పెరిగితే శభాష్ అంటవేంది బాపు? గని మునుగదా?" అంది.

"పెరుగుడెక్కడిది? తగ్గినయి. ముప్పై ఎనిమిదిల ఉన్నయి నలభై రెండుకు దిగినయి."

"దిగితే మైనస్ నలభై రెండు అనాలె."

నర్సింగం, ఎల్లేశం ఒకరి మొహం ఒకరు చూసుకొని నవ్వుకున్నారు. పై చదువులు చదివినవాళ్లతో ఉండే ఇబ్బంది ఇదే.

"గనిల మైనస్ ఏంది బిడ్డా?" అన్నాడు నర్సింగం. "ఉన్నదంత కిందనే. నేను కిందనే, పంపు కిందనే, నీళ్లు కిందనే. మాట మాటకు మైనస్ మైనస్ అనుకుంట కూసుంటే అండ్లనే షిఫ్టు ఒడుస్తది."

"పైకొస్తే అంటరు, ప్లస్ అని," ఎల్లేశం పేపర్ తిప్పుతూ అన్నాడు. "గాని అది ఇనేటందుకు ఎవ్వడు ఆడ నిలవడడు."

హర్షిణి లేచి కూర్చుంది. వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది. పూలమ్మకు భయం వేసింది.

"బాపు," అంది హర్షిణి నెమ్మదిగా. "ఎండకాలం ఆ బావులయి ఎట్ల రాసినవ్?"

"నువ్వు చెప్పినట్టే. ఎత్తుల నుంచి లోతు తీసేసిన."

"బావి ఎత్తు మూడు మీటర్లు. నీళ్ల లోతు నాలుగుంబావు. ఏం రాస్తవ్?"

"ఒకటింబావు."

"దానికి ముంగట?"

"ముంగట ఏముంటది? బావి నంబరు."

"మైనస్ పెట్టవా బాపు?"

"నీళ్లు సముద్రం కన్న కింద ఉన్నయని చూసినోళ్లకు తెలుస్తది గదా బిడ్డా. ఎండకాలమాయె. నీళ్లు పైనెందుకుంటయి?"

"అన్ని బావులల్ల కిందనే ఉన్నయా?"

"కాల్వ పక్కవి నాలుగు తప్ప. అండ్ల పైనుండె. ఆ నాలుగిటికి ప్లస్ పెట్టిన. ఎర్ర పెన్నుతోటి పెట్టిన, నీకు కనబడాలెనని."

ఆ నాలుగు ఎర్ర ప్లస్సులు హర్షిణి చూసింది. పైనున్న శ్రీకారంలాగే అవీ తండ్రి భక్తికి సంబంధించినవి అనుకుంది. కంప్యూటర్‌కు ప్లస్ పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. అంటే సముద్రం కంటే కిందికి పడిపోయిన నీళ్లన్నీ ఆమె లెక్కలో సముద్రం కంటే పైన నిలబడ్డాయి. పైనున్న నీళ్లు ఊరుకోవు కాబట్టి సముద్రాన్ని నెట్టాయి. ఏడాదిగా ఆమె తిడుతున్న ప్రోగ్రామ్ చేసిందల్లా నర్సింగం మాట నమ్మడమే.

"తప్పు రాసిన్నా?" అన్నాడు నర్సింగం.

ఎల్లేశం పేపర్ పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పేపర్ వణుకుతోంది.

"నవ్వకు ఎల్లేశం," అన్నాడు నర్సింగం. "తప్పు కాదది. పద్ధతి వేరు."

తప్పు చేసినవాడికైతే ఒప్పుకొని బయటపడే దారి ఉంటుంది. పద్ధతి ప్రకారం చేసినవాడికి ఆ సౌకర్యం లేదు. నర్సింగం గోడకు చేరగిలబడి, "మా దాంట్ల గట్లనే రాస్తరు. నువ్వు ఏ మేనేజర్ సాబ్‌ను అన్న అడుగు," అన్నాడు. కూతురు లేచి వచ్చి ఆయన భుజం పట్టుకుంది. కోపంతో పట్టుకుందో ప్రేమతో పట్టుకుందో ఆయనకు వెంటనే తెలియలేదు.

"బాపు, నీకు దండం పెడత. ఆ ప్లస్సులు పెట్టి బతికిచ్చినవ్," అంది ఆమె. "అవి లేకపోతే ఏది కిందిదో ఏది పైదో నాకు సచ్చినా తెల్వకపోయేది. మళ్ల ఎండకాలం దాకా ఆగాలె."

"సూశినవా?" అన్నాడు నర్సింగం పూలమ్మతో.

నాలుగు బావులు వదిలేసి మిగతా అన్నిటి ముందూ మైనస్ పెట్టడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. లెక్క నడవడానికి మాత్రం సాయంత్రం దాకా పడుతుంది. ఆ కంప్యూటర్ పాతది. మధ్యలో కరెంటు ఊగిసలాడితే మొదటికొస్తుంది. అందుకని పూలమ్మ ఇంట్లో ఫ్యాన్లు బంద్ చేసి, మిక్సీ తీగ పీకేసి, అటు మూడు క్వార్టర్లకు ఇటు మూడు క్వార్టర్లకు పోయి ఐరన్ పెట్టె వాడొద్దని చెప్పి వచ్చింది. ఎందుకని అడిగిన ప్రతివాళ్లకూ జవాబు చెప్పింది. కాబట్టి కాసేపటికి వాళ్లందరూ వచ్చి హాల్లో కూర్చున్నారు. ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు కానీ, ఫ్యాను లేకుండా ఇంతసేపు కూర్చోవాల్సి వచ్చిందంటే పెద్ద విషయమే అయి ఉంటుందని అందరూ గంభీరంగా ఉన్నారు.

తెర మీద ఎడమవైపంతా నీలం. కుడి అంచున సముద్రం ఎర్రగా ఉంది. చాలాసేపు ఏమీ కదల్లేదు. వానాకాలం గడిచి లెక్క ఎండాకాలంలోకి వచ్చేసరికి ఎరుపు ఒక గడి ముందుకు జరిగింది.

"వచ్చింది!" అంది పూలమ్మ.

"ఆగు అమ్మా. వెనుకకు పోతదేమో."

పోలేదు. ఇంకో గడి జరిగింది. అక్కడి నుంచి ఎక్కడ మోటార్లు ఎక్కువో అక్కడ తొందరగా, కాలువ పక్కన నిదానంగా జరుగుతూ వచ్చింది. ఎల్లేశం పాతకాలపు ఎర్రజెండా యూనియన్ మనిషి. గత మూడు ఎన్నికల్లో వాళ్లు గెలవలేదు. ఎరుపు ముందుకు జరిగిన ప్రతిసారీ ఆయన చప్పట్లు కొట్టాడు. చూసి మిగతావాళ్లూ కొట్టారు. మొదటి ఊరు మునిగింది. హాలంతా చప్పట్లు. రెండో ఊరు మునిగింది. ఎవరో టీ పెట్టమన్నారు. హర్షిణి మాత్రం చప్పట్లు కొట్టలేదు. మోకాళ్ల మీద గడ్డం పెట్టుకొని, కళ్లార్పకుండా చూస్తోంది.

మూడో ఊరి దగ్గర ఎరుపు నెమ్మదించింది. ఊరి మధ్య దాకా వచ్చి ఆగింది. సీసాల్లో ఉప్పు దొరికిన ఆఖరి బావి అక్కడే ఉంది.

హర్షిణి రెండు చేతులూ మొహానికి కప్పుకుంది. పూలమ్మ పక్కన చతికిలబడి, "ఏమైంది? ఇంక రావాల్నా? రాకపోతే ఇంకో మొక్కు మొక్కుత," అంది.

"వద్దు అమ్మా. చాలు. గాడికే రావాలె," అంది హర్షిణి వేళ్ల సందుల్లోంచి. నవ్వుతోందో ఏడుస్తోందో కాలనీ తేల్చుకోలేకపోయింది. రెండూ అయి ఉండొచ్చని ఎల్లేశం తర్వాత అందరికీ వివరించాడు.

అందరూ తేలికపడి ఊపిరి పీల్చుకుంటుంటే నర్సింగం ఒక్కడే తెర దగ్గరికి పోయి, కళ్లజోడు పెట్టుకొని, మూడో ఊరిని వేలితో చూపించాడు.

"ఇది మజ్జిగ ఇచ్చిన ఊరు గదా?"

"అవు బాపు."

"మరి గీళ్ల బావులు ఇట్లనే ఉంటయా?"

హర్షిణి కళ్లు తుడుచుకుంది. "ఒడ్డు మీద మోటార్లు బంద్ చేసి, లోపలి దిక్కు జరుపుకొని, జర తక్కువ తోడితే మెల్లమెల్లగ వెనుకకు పోతది. ఏండ్లు పడుతది గాని పోతది. గది కూడ థీసిస్‌ల రాస్తున్న."

"పంపు బంద్ చేసుడేనా మందు?" అన్నాడు నర్సింగం. జీవితమంతా పంపు ఆగకుండా చూసుకున్న మనిషికి అది మింగుడుపడటానికి కొంచెం సమయం పట్టింది. చివరికి, "రాయి. ఆళ్లకు సమజయ్యేటట్టు రాయి," అన్నాడు.

హర్షిణి వేదవ్యాస్ సార్‌కు ఫోన్ చేసింది. సంగతంతా చెప్పింది. అంతా విని ఆయన, "చూద్దాం" అన్నారు. అమ్మా అనలేదు.

"బుధవారం తెచ్చియ్యి, సంతకం పెడత," అన్నారు సార్. "అవును గాని, ఆ వేసవి కొలతలు తీసిందెవరు?"

ఆమె తండ్రి వైపు చూసింది. హాల్లో అందరూ చూశారు.

"మా ఫీల్డ్ అసిస్టెంట్ సార్."

"అసిస్టెంట్ ఏంది?" నర్సింగం గుసగుసగా, కానీ వీధి దాకా వినపడేలా అన్నాడు. "ఇన్‌ఛార్జ్ అని చెప్పు!"

సార్ అక్కడ పెద్దగా నవ్వారు. ఆయన నవ్వగలరని హర్షిణికి అప్పటిదాకా తెలియదు. ఫోన్ పెట్టేసి, "అమ్మా, అన్నం ఉన్నదా?" అంది. పూలమ్మ వంటింట్లోకి పరుగెత్తింది. ఎవరో ఫ్యాను వేశారు. కూతురు మొదటి ముద్ద, రెండో ముద్ద తినేదాకా నర్సింగం నిలబడి చూసి, తనకూ ఒక పళ్లెం పెట్టమని ఆమె పక్కనే కూర్చున్నాడు.